కోలా గింజ ముట్టని పెద్దమనిషి

మా అపార్ట్‌మెంట్ల మేనేజర్ మంచు ఎత్తించడని అనలేను. ఎత్తించేవాడు. ఎత్తించి, బుద్ధిగా పార్క్ చేసుకున్న కార్ల వెనకాలే గుట్టలు పోయించేవాడు. ఎనభైల మొదట్లో, డెట్రాయిట్ పక్కన, నా ఇంజనీరింగ్ చదువు ఎక్కువగా పారతోనే సాగింది.

అలాంటి ఒక ఆదివారం మా హాల్లో నా రూమ్మేట్ పెళ్లి మాటలు జరిగాయి. అతనిది నైజీరియా. అతను ప్రేమించిన అమ్మాయిదీ అదే. ఆమెను వెంటబెట్టుకుని మేనమామ వచ్చారు. ఆయన సరేనంటేనే ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు సరేనంటారు. ఆయన చరిత్ర ప్రొఫెసర్, అంచేత ఏదీ మరిచిపోరు.

ఇంటికొచ్చిన పెద్దకి ముందు కోలా గింజలు పెట్టడం వాళ్ల పద్ధతి. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుంటే తప్ప సంబంధం మాట మొదలుకాదు. ఆ గింజల కోసం మావాడు షికాగో దాకా డ్రైవ్ చేసి వచ్చాడు.

ఆయన పళ్లెం వైపు చూడనే లేదు. "మీదే ఊరు?" అన్నారు. తర్వాత, "ఎవరి తాలూకు?"

ఈ రెండు ప్రశ్నలు వినడానికి నేను అంత దూరం విమానం ఎక్కి రానక్కర్లేదు.

మావాడు ఊరి పేరూ, ఇంటి పేరూ చెప్పాడు. మిగతాదీ దాచలేదు. "మా ముత్తాతని ఆ ఇంటివాళ్లు కొనుక్కున్నారు అంకుల్. బానిసగా."

ఆయన పళ్లేన్ని ఒక్క వేలితో, ఎంతో మర్యాదగా, వెనక్కి జరిపారు. "నువ్వు మంచివాడివి బాబూ. చదువుకున్నవాడివి. పిల్లని మాత్రం ఇవ్వలేం."

ఉండబట్టలేక నేను కలగజేసుకున్నాను. "అది ముత్తాత సంగతి కదండీ! ఆయన పోయి ఎన్నాళ్లయిందో!"

"ఇవి మీకు తెలీవు," అన్నారాయన.

తెలియకపోతే బాగానే ఉండేది. తల గోడకేసి కొట్టుకుందామనుకున్నాను కానీ, అద్దె ఇంటి గోడలు అట్టముక్కలు. పగిలితే మేనేజర్‌తో అదో గొడవ.

ఆయన కోటు తొడుక్కుని బయటికి నడిచారు. బయట కారు కదల్లేదు, వెనకాల మేనేజర్ గారి గుట్ట. చేతికి గ్లవ్స్ కూడా లేకుండా మావాడు పరిగెత్తుకెళ్లి బానెట్ మీద చేతులేసి వెనక్కి తోయడం మొదలుపెట్టాడు. అతన్నీ ఆయన్నీ కలిపి తిట్టుకుంటూ నేనూ ఓ చెయ్యి వేశాను.

ఆయన అద్దం దించారు. "ఇంకాస్త గట్టిగా బాబూ!"

అమ్మాయి కారెక్కకుండా మంచులోనే నిలబడి, మావాడి చేతులు చూపిస్తూ అడిగింది.

"అంకుల్, ఈ చేతులు పెట్టిన గింజ తినరు కదా మీరు. మరి కారు ఈ చేతులే తోయాలా?"