నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి

మా పక్కింటి ఆంటీ పోయారు. మొన్న పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ మెట్ల మీదే కూలబడ్డారట. గుండెలో వాల్వు పాడై ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న మనిషి. ఎదురుచూశారనడం కూడా మర్యాదకే. ఆపరేషనే ఆవిడ కోసం ఎదురుచూసింది.

ఐర్లండ్‌లో, ఈ నేస్ ఊళ్ళో మా రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే. మేం కొత్తగా దిగినప్పుడు వంటింటి ప్రెస్‌లో, అదే ఇక్కడి అలమరలో, కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి సర్దిపెట్టింది ఆవిడే. వృద్ధాశ్రమంలో కేరర్‌గా చేసేవారు. అక్కడి ముసలివాళ్ళకి రోజూ తనే పళ్ళు తోమేవారు. డెంటిస్టు దగ్గరికి రానని మొరాయించేవాళ్ళని "యూ విల్ బీ గ్రాండ్, నాన్నా" అంటూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవారు. తన పళ్ళ జోలికి మాత్రం ఎవర్నీ రానిచ్చేవారు కాదు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు.

"క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయమ్మాయ్. మా అమ్మకి అట్లాగే ఊడినయ్" అనేవారు. మా ప్రేయర్ మీటింగ్‌లో ఆ మాటకి ఆమెన్ అననివాళ్ళు లేరు, నర్సులతో సహా. లవంగ నూనె రాయమని ఒకరు, ఉప్పుతో తోమమని ఇంకొకరు.

గుండె డాక్టర్లేమో ముందు నోరు బాగుచేయించుకు రమ్మన్నారు. చిగుళ్ళలోని ఇన్ఫెక్షన్ రక్తంలో కలిసి కొత్త వాల్వుకి పాకితే ప్రాణం మీదికొస్తుంది. కూతురు బతిమాలి క్లీనింగ్‌కి బయల్దేరదీసింది, నేనూ వెంట వెళ్ళాను. కింది పళ్ళ వెనక ఏళ్ళ తరబడి పేరుకున్న గార రాలింది. నాలుక తగిలించి చూసుకుంటే ముందు పన్ను కదిలింది. అంతే, ఆంటీ కుర్చీలోంచి లేచిపోయారు.

"నే చెప్పలా? చూడు, ఊగుతోంది!"

"మామ్, ఇట్ వాజ్ లూజ్ ఆల్రెడీ" అంది కూతురు ఏడుపు గొంతుతో.

నిజం అదే. చిగురు ఎప్పుడో దెబ్బతింది. గార అడ్డుగా ఉండటంవల్ల ఇన్నాళ్ళూ తెలియలేదు. క్లీనింగ్ చేసినామె ఓపిగ్గా చెప్పింది, నేనూ చెప్పాను. ఆదివారం ప్రేయర్ మీటింగ్‌లో ఆవిడ ఆ పన్ను ఊపి ఊపి అందరికీ చూపించారు. అంత గెలుపు ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. మళ్ళీ ఆ కుర్చీ ఎక్కలేదు. ఆపరేషన్ వాయిదా పడుతూనే ఉంది.

నాకు ఆవిడంటే ప్రాణం. కోపమూ అంతే ఉంది. మా పాపకి జ్వరమొస్తే డ్యూటీ దిగి తిన్నగా వచ్చి పక్కన కూర్చున్న మనిషి, తన ప్రాణం దగ్గరికొచ్చేసరికి మొండికేశారు. ఆమెన్ అన్నవాళ్ళంతా నిన్న పూలు పట్టుకుని వచ్చారు.

ఇక్కడి పద్ధతి ప్రకారం ఫ్యూనరల్ హోమ్‌లో ఆవిణ్ణి సిద్ధం చేసి, పెట్టె తెరిచి ఉంచారు. పెదాలు కొంచెం విడివడి ఉన్నాయి. పళ్ళు తెల్లగా ఉన్నాయి.

"దే క్లీన్డ్ దెమ్, అక్కా" అంది కూతురు నా చెవిలో.

ఎవరో శ్రద్ధగా శుభ్రం చేశారు. ఆంటీ కాదనలేదు. చేతులు రెండూ బైబిలు మీద ముడిచి ఉన్నాయి. నోటికి అడ్డం రాలేదు.