వెనక ఎడమ స్పీకరు, మా అమ్మ కుట్టుమిషను

మా చిన్నప్పుడు శంకర్ నగర్ ఇంట్లో హాలంతా ఒకే ఒక్క మనిషి చెవుల కోసం సర్దారు... ఆ చెవులు మా పెదనాన్నవి. తీపి జ్ఞాపకం అనుకుని చదవడం మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నాకు ఇప్పటికీ కోపమే.

ఇల్లు పెదనాన్నది. భన్‌పురిలో ఆయనకు లారీల వ్యాపారం ఉండేది. మా నాన్న ఆయన దగ్గరే లోడింగు చూసేవాడు. శ్రీకాకుళం నుంచి ఆ హిందీ ఊరికి వచ్చిన రెండు కుటుంబాలం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. హాల్లో కిటికీ పక్కన అమ్మ కుట్టుమిషను... కాలనీ ఆడవాళ్ల జాకెట్లన్నీ అమ్మే కుట్టేది. ఆ ఇంట్లో అమ్మది అని చెప్పుకోదగ్గ చోటు అదొక్కటే.

తొంభైల చివర్లో పెదనాన్న హోమ్ థియేటరు కొన్నాడు. ముందు మూడు స్పీకర్లు, మూలన బియ్యం డబ్బా అంత బేస్ స్పీకరు, వెనక రెండు. దాంతో వచ్చిన పుస్తకంలో ఒక బొమ్మ... సోఫా, చుట్టూ స్పీకర్లు, మధ్యలో ఒక్కడే మనిషి. భార్య లేదు, పిల్లలు లేరు, వంటిల్లు అసలే లేదు. పెదనాన్నకు ఆ బొమ్మ తెగ నచ్చింది.

టేపు పట్టుకుని హాలంతా కొలిచాడు. వెనక స్పీకర్లు కూర్చున్నవాడి చెవులకు కాస్త వెనగ్గా, కాస్త పైగా, రెండు పక్కలా సమాన దూరంలో ఉండాలట. కుడిది బీరువా పక్కన కుదిరింది. ఎడమది సరిగ్గా అమ్మ మిషను దగ్గరికి వచ్చింది. సోఫా కాస్త జరిపితే సరిపోయేది... కానీ ఆయన జరిగే రకం కాదు.

మా ఇంట్లో తమ్ముడి భార్య బావగారితో ముఖాముఖి మాట్లాడేది కాదు. తలుపు చాటున నిలబడి పిల్లలతో చెప్పించేది. మధ్యలో మాటలు మోసేది నేను.

"ఒలే, మీ పెదనాన్నగారితో సెప్పు... కిటికీ కాడ నుంచి మిషను తీసేత్తే సూదిలో దారం కనిపించదని" అంది అమ్మ.

"మీ యమ్మకి సెప్పు, ఎనకాల వరండాలో లైటుంది గదా... దిన్‌భర్ ఖట్ ఖట్... రోజంతా ఎవుడింటాడు?" అన్నాడు పెదనాన్న. అమ్మకు వినపడేలాగే అన్నాడు. నాన్న పేపరు మడిచి బయటికి వెళ్లిపోయాడు.

మిషను వెనక వరండాలో బట్టలుతికే రాయి పక్కకు పోయింది. పగలు కూడా చీకటే, పైన ఒక గుడ్డి బల్బు. ముందు వరండాలో బోలెడంత వెలుతురు... కానీ వచ్చేపోయేవాళ్లు చూస్తే ఆయనకు పరువు తక్కువట. అమ్మ కళ్లు నీళ్లు కారేవి. నల్ల జాకెట్టుకు నీలం దారం వేసి మళ్లీ విప్పుకునేది. కొందరు బట్టలు వేరేచోట ఇవ్వడం మొదలుపెట్టారు.

సాయంత్రాలు మేం ఆ ఎడమ స్పీకరు కిందే నేలమీద కూర్చుని సినిమా చూసేవాళ్లం. మా నెత్తిమీద వాన, కాకులు, తుపాకులు... మాటలు మాత్రం ఆ చప్పుడులో కలిసిపోయేవి. పెదనాన్న తన చోట కూర్చుని "క్యా బాత్ హై" అని తనను తానే మెచ్చుకునేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం లారీల ఇన్సూరెన్సు చూసే ఒకాయనను పిలిచి థియేటరు చూపించాడు. కిటికీకి మందపాటి పరదా లాగేశాడు. అదే పూట వెనక వరండాలో బల్బు మాడిపోయింది. తెల్లారితే పెళ్లి, పెళ్లికూతురి జాకెట్టు సగంలో ఉంది. అమ్మ చీకట్లోంచి లేచింది. "మిషను పట్టే" అంది నాతో. ఇద్దరం మిషను ఇంటి పక్క నుంచి ఈడ్చుకొచ్చి ముందు వరండాలో, సరిగ్గా ఆ కిటికీ కింద పెట్టాం. అమ్మ తొక్కడం మొదలుపెట్టింది.

లోపల సినిమాలో రైలు పోతోంది. "వాహ్ భాయీసాబ్! రైల్ తో సీధా పీఛే సే జా రహీ హై!" అన్నాడు వచ్చినాయన. నిజంగా రైలు వెనకనుంచే పోతున్నట్టుందట. "సబ్ ప్లేస్‌మెంట్ కా కమాల్ హై" అన్నాడు పెదనాన్న, అంతా స్పీకర్లు పెట్టిన చోటు మహిమేనని మురిసిపోతూ.

రైలు వెళ్లిపోయింది. హీరోయిన్ ఒక్కతే ఏడుస్తున్నట్టు వినిపిస్తోంది. వాళ్ల వెనక నుంచి మాత్రం టకటకటక... ఆగదు.

"యే రైల్ రుకేగీ నహీఁ క్యా?" అన్నాడాయన నవ్వుతూ, ఈ రైలు ఇక ఆగదా అని.

పెదనాన్న లేచి పరదా పక్కకు లాగాడు. ఊచలకు ఇవతల అమ్మ, పక్కన నేను. ఆయన మొహం కందగడ్డలా అయింది. నావైపు తిరిగి, "మీ యమ్మకి సెప్పు, ఎంటనే అది..." అన్నాడు.

"నాతోనే సెప్పండి బావగారూ" అంది అమ్మ. తలెత్తి, ఆయన మొహంలోకి చూస్తూ. "పెళ్లి జాకెట్టు. ఎనకాల బల్బు మాడిపోనాది. ఈడ ఎలుగుంది... ఈడే కుడతాను."

మళ్లీ తొక్కింది.

వచ్చినాయన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. సాయంత్రం పెదనాన్న నాన్నతో, మిషనైనా వెనక్కి పోవాలి, మీరైనా బయటికి పోవాలి అన్నాడు. అప్పటిదాకా అన్న ముందు నోరెత్తని నాన్న, వెళ్లి రిక్షా పిలుచుకొచ్చాడు. ఆ ఇంట్లోంచి ముందుగా బయటికొచ్చింది మిషనే. ఊరి చివర మోవాలో పెద్ద రోడ్డు మీదికి కిటికీ ఉన్న ఒక్క అద్దె గది... పొయ్యి పెట్టకముందే అమ్మ మిషను ఆ కిటికీ దగ్గర పెట్టుకుంది. లారీల దుమ్ము పడేది. అయినా అమ్మ కిటికీ మూసేది కాదు.

నిన్న ఒక గ్రూపులో ఎవరో తమ హాలు ఫొటో పెట్టి, వెనక స్పీకర్లు ఎక్కడ పెట్టమంటారు అని అడిగారు. చెవులకు కాస్త పైన, కాస్త వెనక... అందరూ సరిగ్గానే చెప్పారు. మా పెదనాన్న కూడా సరిగ్గానే కొలిచాడు. ఇప్పుడు స్పీకర్లు గుప్పెడంత అయిపోయాయి, తీగలు కూడా లేకుండా పోయాయి. అప్పటి హాళ్లలాంటివీ ఇప్పుడు లేవు...

మీ ఇంట్లో ఏ వస్తువు కోసం ఎవరిని వాళ్ల చోటు నుంచి లేపారో, గుర్తుంటే రాయండి.

ఆ ఫొటోలో కిటికీ పక్కన ఒక పాత కుర్చీ ఉంది. దాని మీద మడిచిన కళ్లజోడు... బాబూ, ముందు ఆ కుర్చీ ఎవరిదో చెప్పు. స్పీకరు సంగతి తర్వాత చూద్దాం.