నేను కట్టిన రెండు పొట్లాలు

మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే అందరికీ కబురు వెళ్ళేది, నాకు తప్ప. నేను వస్తే నవ్వుతానని వాళ్ళకు తెలుసు. దయ్యాన్నీ నమ్మను, దేవుణ్ణీ నమ్మను. ఒకరిని నమ్మి ఇంకొకరిని కాదనడం నాకు చేతకాదు. నలభై ఏళ్ళుగా ఇదే మాట, ఇప్పుడడిగినా ఇదే అంటాను. కాకపోతే ఇదివరకటంత గట్టిగా గొంతు లేవడం లేదు.

నాది కోయంబత్తూరు. మోటార్లకు వైండింగ్ కట్టడం నా పని. కాలిపోయిన మోటారు తెచ్చి నా ముందు పెడితే, ఎందుకు కాలిందో తేల్చకుండా కొత్త తీగ ముట్టుకోను. నీళ్ళు దిగాయా, బేరింగు పట్టేసిందా, ఒక ఫేజు పోయిందా, ఏదో ఒకటి ఉంటుంది. ఊరికే ఏదీ కాలదు. నాకున్న వేదాంతం అంతే.

ఇంట్లో మేం మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం. ఈ తెలుగు అక్షరాలు నాకు నేర్పింది మా అక్క సరోజ. నాకంటే ఏడేళ్ళు పెద్దది. మా అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు. అప్పటినుంచి అన్నం పెట్టిందీ అక్కే, వీపు పగలగొట్టిందీ అక్కే. ఆమెకు పిల్లలు లేరు. బావ పోయాక మా వీధిలోనే ఒక గది తీసుకుని ఉంటోంది. నాకు పెళ్ళాం బిడ్డలున్నారు గానీ, ఆమెకు మాత్రం ఉన్నది నేనొక్కణ్ణే.

అక్క భక్తి అంతా ఇంతా కాదు. ఏటా పళని కొండకు నడిచే వెళ్ళేది. ఆదివారం పొద్దున నేను కాఫీకి వెళ్తే, గ్లాసు చేతికిచ్చేలోపే వాదన మొదలయ్యేది.

"సామి ఉంటే చూపించక్కా" అనేవాణ్ణి.

"నువ్వు రోజూ కరెంటు కరెంటు అంటా ఉండావే, అది చూపీ."

"ముట్టుకుంటే కొడతాది, తెలుస్తాది."

"సామీ కొడతాడు. నీకింకా తగల్లేదు, అంతే."

ఇలా ఎన్నేళ్ళు గడిచాయో. ఆమె ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ కాఫీ కంటే ఆ గొడవే నాకు రుచి.

రెండేళ్ళ కిందట అక్కకు తలనొప్పి మొదలైంది. అమృతాంజనం రాసుకుని నెట్టుకొచ్చింది. ఒకరోజు వాంతులయ్యాయి. బలవంతంగా స్కాన్ తీయించాను. మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బి ఉందన్నారు. ఆ డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. అలాగే వదిలేస్తే ఎప్పుడైనా పగలొచ్చు, పగిలితే చెయ్యడానికేమీ ఉండదు. ఆపరేషన్ చేస్తే బాగుపడొచ్చు, అయితే ఆ బల్ల మీదే ఏదైనా జరగనూ వచ్చు.

నేను అక్కడికక్కడే సరే అన్నాను. అక్క మాత్రం కొంగు సర్దుకుని లేచింది. "పూవు అడగాల. అడగకుండా నేను తల కోయించుకోను" అంది.

పూవు అడగడమంటే మా వైపు పాత వాడుక. పెళ్ళి కుదుర్చుకోవాలన్నా, బావి తవ్వాలన్నా, తెల్ల పూవు ఒకటి, ఎర్ర పూవు ఒకటి విడివిడిగా పొట్లాలు కట్టి అమ్మవారి ముందు పెడతారు. ఏ రంగు వస్తే ఏం చేయాలో ముందే మనసులో అనుకుంటారు. అడిగే మనిషి కళ్ళు మూసుకుని ఒకటి తీస్తుంది. వచ్చిందే తీర్పు. దాని మీద అప్పీలు లేదు.

"తెల్లది వస్తే ఆస్పత్రి, ఎర్రది వస్తే ఇల్లు" అంది అక్క. నాకు ఒళ్ళు మండిపోయింది. స్కాన్ తీసిన మిషను, పదేళ్ళు చదివిన డాక్టరు ఒకవైపు, గన్నేరు పూవు ఇంకోవైపు!

"సామి ఉంటే నీ తలలో ఆ బుడగ ఏల పెట్టినాడు?" అని అరిచాను.

"పెట్టింది ఎవరో నాకు తెలీదు. పగలకముందే చూపించినాడు కదా" అంది, చాలా నెమ్మదిగా.

ఇంకో మాట కూడా అంది. పొట్లాలు నేనే కట్టాలట. "నమ్మేవాళ్ళు కడితే నా మీద ప్రేమతో ఏమన్నా చేసేస్తారు. నీకు అది ఉత్త పూవు. నీ చేతిలో మోసం ఉండదు" అంది.

ఆ మాటకే నేను నిర్ణయించేసుకున్నాను. రెండింటిలోనూ తెల్లదే పెట్టాలి. తప్పనిపించలేదు. ఉత్త పూవే కదా, అక్క బతకాలి కదా.

మా ఇంటిదేవత గుడి అన్నూరు దాటాక పొలాల్లో ఉంది. ఒక మంగళవారం పొద్దున ఇద్దరం బస్సెక్కాం. బయల్దేరే ముందే ఒక తెల్ల గన్నేరు పూవు కోసి చొక్కా జేబులో వేసుకున్నాను. గుడి ముందు పూలమ్మే ముసలమ్మ దగ్గర అక్క చూస్తుండగా ఒక తెల్లది, ఒక ఎర్రది కొన్నాను. అక్క లోపలికి వెళ్ళింది. నేను గుడి పక్కన కుళాయి దగ్గరికి వెళ్ళాను.

ఇక్కడినుంచి జరిగింది నేను కొన్ని వందలసార్లు తలుచుకున్నాను. ఎర్ర పూవును కుళాయి కింది కాలువలో పడేశాను. అది కొట్టుకుపోయి ఒక రాయికి తట్టుకుని ఆగింది. చేతులు తుడుచుకున్నాను. ఒకే పేపరు చింపి రెండు ముక్కలు చేశాను. కొన్న తెల్లది ఒకదాంట్లో, జేబులోది రెండోదాంట్లో పెట్టి మడిచాను. వైండింగ్ బిగించే నూలుదారం నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. దాంతోనే కట్టాను. కాయిళ్ళకు వేసే ముడి వేశాను. ఆ ముడి వేశాక విప్పడం ఉండదు, కొయ్యాల్సిందే. ఆ గుడిలో నేను తప్ప ఆ ముడి తెలిసినవాళ్ళు లేరు.

పొట్లాలు నేనే తీసుకెళ్ళి పళ్ళెంలో పెట్టాను. పూసారి హారతి ఇచ్చాడు. ఏం అడుగుతున్నామో కూడా ఆయన అడగలేదు. పళ్ళెం నా కళ్ళముందు నుంచి కదల్లేదు. అక్క కళ్ళు మూసుకుని, పెదాలు కదిలించి, ఎడంవైపుది తీసింది. ముడి విప్పబోయింది, రాలేదు. "ఇదేం ముడి రా" అని నాకిచ్చింది. నా చిన్న కత్తితో నేనే కోశాను. కాగితం నేనే విప్పాను.

ఎర్రది.

నా చేతిలో ఎర్ర గన్నేరు పూవు. కొంచెం తడిగా కూడా ఉంది. అక్క దాన్ని కళ్ళకద్దుకుంది. నేను రెండో పొట్లం తీసి అక్కడే కోశాను. తెల్లది. పూసారి నావైపు అదోలా చూశాడు, రెండోది విప్పకూడదట. నేను వినిపించుకోలేదు. కుళాయి దగ్గరికి పరుగెత్తాను. కాలువలో నేను పడేసిన ఎర్ర పూవు ఆ రాయి దగ్గర అలాగే ఉంది. చొక్కా జేబు వెతికాను, ఖాళీ. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ కుళాయి గట్టు మీద కూలబడ్డాను.

తిరుగు బస్సులో అక్క హాయిగా ఉంది. "ఇంక ఆస్పత్రి మాట ఎత్తద్దు" అంది. నేను వాదించాను. రెండు పొట్లాల్లో ఒకటి రావాలి, అది వచ్చింది, కాయిను ఎగరేసినా అంతే అన్నాను. ఆ మాట అంటున్న నాకే అది నమ్మబుద్ధి కాలేదు. నేను కట్టినవాటిలో ఎర్రది లేనే లేదు కదా.

ఆ తర్వాతి మూడు వారాలూ నరకం చూశాను. మోసం చేశానని చెప్తే ఆ పరీక్ష చెల్లదు, చెల్లకపోతే ఆస్పత్రికి రమ్మనొచ్చు. కానీ చెప్పానంటే, రెండు తెల్లవాటిలోంచి ఎర్రది వచ్చిందని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. నలభై ఏళ్ళుగా చూపించమన్నది నేనే. నేనే చూపించినట్టవుతుంది. ఇక ఆమెను ఆస్పత్రి గడప తొక్కించడం ఎవరితరం? చెప్పకపోతే ఆ బుడగ పగులుతుంది. షాపులో కూర్చుంటే చేతులు ఆడేవి కావు. ఒక మోటారుకు కనెక్షన్లు తారుమారు చేసి ఇచ్చాను, జీవితంలో మొదటిసారి. ఫోను మోగితే చాలు చేతిలో పని వదిలేసి పరుగెత్తేవాణ్ణి.

ఒక ఆదివారం కాఫీకి వెళ్తే అక్క కుడికంటి రెప్ప సగం వాలిపోయి ఉంది. ఎత్తుదామన్నా లేవడం లేదు. నాకింక ఆగలేదు. మొత్తం కక్కేశాను. జేబులో పూవు, కాలువలో పూవు, ముడి, అన్నీ.

అక్క చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టింది. తర్వాత అన్న మొదటి మాట దేవుడి గురించి కాదు. "నీ చేతిని నమ్మినాను కదరా" అంది. ఆ వాలిన రెప్పతోనే ఏడ్చింది. నన్ను బయటికి పొమ్మంది. యాభై ఏడేళ్ళ మనిషిని, వీధిలో నిలబడి ఏడ్చాను.

మర్నాడు పొద్దున ఆమే ఫోను చేసింది. "ఆస్పత్రికి పోతాం రా" అంది.

నాకు అర్థం కాలేదు. "మరి ఎర్రది వచ్చింది కదక్కా" అన్నాను.

"నేను అడిగింది తెలుపా ఎరుపా అని. నువ్వు రెండూ తెలుపు పెట్టినావు. అంటే నేనడిగిన కేళ్వి ఆడికి పోనే లేదు. ఆయమ్మ నాకు బదులు చెప్పలేదు, నీకు చెప్పింది. నేను ముందే నమ్మేదాన్ని, నాకేలరా ఎర్ర పూవు? అది నీది."

నేను కోరుకున్నదే జరిగింది. గంతులు వెయ్యాలి కదా? అలా జరగలేదు. ఆ క్షణం నుంచి నాకు భయం పట్టుకుంది. ఒకవేళ ఆ ఎర్రది నిజంగానే "వద్దు" అని అయితే? ఆమెను నేనే ఒప్పించి చావుకు తీసుకెళ్తున్నానా? ఆస్పత్రిలో సంతకం కాగితం ముందు పెట్టారు. పెన్ను పట్టుకుని కూర్చున్నాను, రాయలేకపోయాను. నర్సు రెండుసార్లు గుర్తు చేసింది.

మంచం దగ్గరికి వెళ్ళి, "అక్కా, ఇంకొక దపా పూవు అడుగుతామా? ఈసారి సరిగ్గా కడతా" అన్నాను.

అక్క నవ్వింది చూడండి, పక్క మంచం వాళ్ళు కూడా తిరిగి చూశారు. "నువ్వా? నువ్వా అడిగేది?" అంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "ఒక దపా అడిగినాంక మళ్ళా అడగకూడదు. పోయి సంతకం పెట్టు. డాక్టరమ్మ బాగా చదువుకున్నాదని నువ్వే కదా చెప్పినావు."

పెట్టాను. నా సంతకం నాదని బ్యాంకువాళ్ళు కూడా ఒప్పుకోరు, అలా పడింది.

అక్క బతికింది. కనురెప్ప కొన్ని నెలలకు లేచింది, జుట్టు మళ్ళీ వచ్చింది. ఈమధ్య నామీద జాలిపడి, "పోనీ లేరా, కంగారులో నువ్వే తప్పుగా కట్టుంటావు" అంటోంది. నలభై ఏళ్ళు దేవుడున్నాడని వాదించిన మనిషి, నన్ను ఊరడించడానికి నా తరఫున వాదిస్తోంది! నేనే ఒప్పుకోలేకపోతున్నాను. నేను కొన్న ఎర్ర పూవు ఒకటే, అది కాలువలో ఉంది. ముడి నాది, కోసింది నేను. ఆ ఎర్రది "వద్దు" అని అయితే అక్క బతికింది కాబట్టి అది తప్పు. తప్పయితే అక్కడెవరూ లేనట్టే. ఎవరూ లేకపోతే ఆ పూవు ఎలా వచ్చింది? కాలిపోయిన మోటారైతే ఈపాటికి విప్పి తేల్చేసేవాణ్ణి.

ఇంకొక సంగతుంది. ఇది అక్కకు కూడా చెప్పలేదు. ఆపరేషన్ థియేటరు తలుపు మూశాక, ఆ వరండాలో నాలుగు గంటలు నిలబడ్డాను, కూర్చోలేదు. నాకు తెలియకుండానే నా నోరు కదులుతోంది. "అమ్మా, అమ్మా, తీసుకుపోవద్దమ్మా" అంటున్నాను. ఆపుదామని పళ్ళు బిగించాను, ఆగలేదు. ఆరేళ్ళప్పుడు పోయిన మా అమ్మను పిలిచానో, ఆ పొలాల్లో ఉన్నావిడను పిలిచానో, నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు అక్కకు పూర్తిగా మెలకువ వచ్చింది. కట్టుకట్టిన తలతో నన్ను చూసి, "నేను లోపల ఉన్నప్పుడు నువ్వేం చేస్తా ఉన్నావు?" అని అడిగింది.

"టీ తాగను పోయినాక్కా" అన్నాను.