డ్రిల్లు సారు రెండో విస్తరాకు

డ్రిల్లు సారు పోయారన్న కబురు పొద్దున్నే పాలవాడు తెచ్చాడు. "విజయ దివస్ కమిటీవాళ్ళు చౌరస్తాల పెద్ద ఫ్లెక్సీ కడ్తుండ్రు సారూ. వీరజవాన్ అని రాసిండ్రు" అని కూడా చెప్పాడు. ఆ కమిటీ మీద నా కోపం ఇన్నేళ్ళయినా తగ్గలేదు. తగ్గకముందే ఇది రాయాలి.

వనపర్తిలో ఒకే బడిలో పనిచేశాం. నేను తెలుగు చెప్పేవాణ్ణి, ఆయన డ్రిల్లు చేయించేవారు. డెబ్బై ఒకటి యుద్ధంలో పోరాడి వచ్చిన మనిషే అయినా, ఈల ఊదేవారు కాదు. "జర కుడికి తిరుగుండ్రి నాయనా" అనేవారు. పిల్లలు కట్టెలతో తుపాకులాట ఆడితే ఆ కట్టెలు లాక్కొని బడి వెనక సొరపాదుకు ఊతం పెట్టేవారు. ఆ కాయలు మేమంతా తిన్నాం.

ఏటా డిసెంబరులో చౌరస్తాలోని అమరజవాన్ల స్తూపం దగ్గర కమిటీ విజయ దివస్ సభ జరిపేది. సారు ఇస్త్రీ చొక్కాకు పతకాలు పెట్టుకుని, రెండు మోదుగు విస్తరాకులు, రెండు జొన్నరొట్టెలు తెచ్చేవారు. చనిపోయినవాళ్ళకు మూడోనాడు పిట్టకు పెడతాం కదా, అట్లాగే స్తూపం ముందు పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా నిలబడేవారు. మొదటిది అమరులకు, రెండోది పోయిన భార్యకు అనుకున్నాం. ఎవరూ అడగలేదు.

సరిహద్దులో మళ్ళీ సైన్యాలను దించిన ఏడు, కమిటీ అధ్యక్షుడు మైకులో అడిగాడు: "రెండోది ఎవరికో జర అందరికీ చెప్పుండ్రి సారూ."

"అవతలోనికి" అన్నారాయన.

చప్పట్లకు లేచిన చేతులు ఆగిపోయాయి.

"నా గుండు తాకి నా ముంగటనే పడ్డడు. వాని సంచిల సగం తిన్న రొట్టె ఉండె. నాకు రెండు దినాల సంది తిండి లేదు. తిన్న. వాని నోటికాడి రొట్టె అది. పెడ్తున్న. మళ్ళ యుద్ధమని కేకలేస్తుండ్రు గదా, పొయ్యేటోళ్ళు మీరు కాదు. పిలగాండ్లను తోలకుండ్రి."

"దుష్మన్‌కు పిండం పెడ్తవా ముసలోడా!" అని ఒకడు ఆ విస్తరాకును తన్నాడు. సారు వంగి రొట్టె ఏరుకుని, మట్టి దులిపి, మళ్ళీ ఆకులో పెట్టారు.

ఆయన ఇక సభ ఛాయలకు రాకూడదని కమిటీ ఉత్తరం రాసింది. దాని మీద నాలుగు సంతకాలు. మూడు ఎవరివో ఊరందరికీ తెలుసు, ఇప్పుడు ఫ్లెక్సీ కింద చిరునవ్వులు నవ్వుతున్నది వాళ్ళే. నాలుగోది నాది. అప్పట్లో నేనూ కమిటీలో ఉన్నాను, ఉత్తరం రాసిందీ నేనే. యుద్ధం గురించి లోకమంతా రాసిన పుస్తకాలు మా ఇంటి బీరువాలో ఉన్నాయి. అవన్నీ చదివినవాడినే, "దేశభక్తుల మనోభావాలు" అన్న మాట దొరికినందుకు ఆ రోజు మురిసిపోయాను.

మర్నాడు సారు ఆ కాగితంతో మా ఇంటికొచ్చారు. తిడతారనుకున్నాను.

"నువ్వే రాసినవ్ గద సారూ? ఒక్క తప్పు లేదు" అని మడిచి జేబులో పెట్టుకున్నారు. "వచ్చేయేడు రోడ్డుకు ఈవల నిలబడ్త. చేతులు వణుకుతున్నయ్, రెండు ఆకులు పట్టుడు కష్టమైతుంది. జర తోడొస్తవా?"

వెళ్ళాను. అప్పటినుంచి ప్రతి ఏడూ ఒక విస్తరాకు నా చేతిలోనే. హోటలువాడు "దుష్మన్లు వచ్చిండ్రు, చాయ్ పెట్టాల్నా?" అనేవాడు. "పెట్టు. అల్లం ఎక్కువెయ్, మాది చలిదేశం" అనేవారు సారు. నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. పక్కన నిలబడే చోటు ఇచ్చారు. నా జన్మలో నాకు అంతకు మించి ఎవరూ ఇచ్చింది లేదు.

సారు పోయిన మూడోనాడు వాళ్ళ బిడ్డ ఒక్క విస్తరాకులో ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించింది. కాకి గోడ మీద కూచుంది, దిగలేదు. "ఏం కోరిక మిగిలిందో" అని ఆడవాళ్ళు గుసగుసలాడారు. కమిటీవాళ్ళు ముందు వరసలో ఉన్నారు. నా సంచిలో ఒక ఆకు, ఒక రొట్టె ఉన్నాయి. తీయడానికి, నిజం చెప్తున్నాను, భయపడ్డాను.

బిడ్డ నా వైపు తిరిగింది. "సారూ, మా నాయిన రెండు పెడ్తుండె గద."

లేచి, రెండో ఆకు పక్కన పరిచాను. అధ్యక్షుడు "ఎవరికి సారూ ఇది?" అన్నాడు.

"అవతలోనికి" అన్నాను. మాట అందరికీ వినబడింది.

అధ్యక్షుడు తల దించుకున్నాడు. అందరం దూరం జరిగాం. కాకి దిగింది. ఏ ఆకును ముందు ముట్టిందని కమిటీవాళ్ళు తర్వాత వాదించుకున్నారట. నా చూపు ఆనలేదు. నాకు కనబడింది ఒక్కటే. రొట్టె ముక్క ముక్కున కరుచుకుని, గోడ దాటి, చేను చెలకల మీదుగా అది చాలా దూరం ఎగిరిపోయింది.