అది మెదడు కాదు

కాదుగారికి ఒకటే జబ్బు: దేన్నీ చప్పున నమ్మరు. ఇంటెన్సివ్ కేర్‌లో స్పృహలేని రోగుల తలకు వైర్లు అంటించి, మెదడు గీసే గీతలను తెరమీద చూడటం ఆయన పని. గీత కాస్త కదిలితే చాలు, "అది మెదడు కాదు" అనేవారు. ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు.

ఆయన మాటే నిజమవడం హెడ్ నర్సుకు మరీ ఒళ్లుమంట. గీత చూసేముందు ఆయన ఫ్యాన్లు ఆపించేవారు, ఫోన్లు బయట పెట్టించేవారు. ఒకసారి పెద్ద డాక్టరు గీత చూసి మురిసిపోతుంటే, "అది మెదడు కాదు సార్. మంచానికి ఆనించి మీరు ఊపుతున్న కాలు" అన్నారు. డాక్టరు కాలు ఆపారు. గీతా ఆగింది.

అలాంటి మనిషి చేతికి ఒక దర్జీ తల వచ్చింది. గుండె ఆగి, మళ్లీ కొట్టుకుంది గానీ, మత్తుమందులు ఆపి మూడు రోజులైనా దర్జీ కళ్లు తెరవలేదు. పిలిస్తే మెదడు పలకాలి, అప్పుడే ఆశ అని డాక్టరు అతని భార్యతో చెప్పేశారు.

"ఏమండీ" అని ఆవిడ పిలిచింది. గీత కదిలింది. "పలికారు" అంది.

"కాదమ్మా. మీ చెయ్యి వైరుకు తగిలింది."

రెండోసారి కదిలితే, అది వెంటిలేటరు గొట్టంలో చేరిన నీళ్లన్నారు.

"మా ఆయన మీద మీకేమిటండీ అంత పగ?" అని ఆవిడ గోడవైపు తిరిగి ఏడ్చింది.

హెడ్ నర్సు ఆయన్ని వరండాలో పట్టుకుంది. "ఒక్కసారి ఔనంటే మీ సొమ్మేం పోయింది?"

"ఉత్త ఔను ఇచ్చేస్తే, రేపు ఆవిడ చేతిలోంచి దాన్ని లాక్కోవాల్సింది నేనేగా సిస్టర్" అన్నారాయన. డ్యూటీ అయిపోయి నాలుగు గంటలైనా ఆయన ఇంకా సంచి సర్దలేదని ఆమె అప్పుడే గమనించింది.

ఆయన లోపలికి వెళ్లి, ఫ్యాను ఆపి, గొట్టంలో నీళ్లు తీయించి, అందరినీ గోడవారగా నిలబెట్టారు. "ముట్టుకోకుండా, ఆయనకు కోపం తెప్పించే మాటేదైనా చెప్పండమ్మా."

ఆవిడ కాసేపు ఆలోచించి గొంతు తగ్గించింది. "మీ పెద్ద కత్తెరతో అట్టపెట్టెలు కోశానండీ."

గీత లేచింది.

"మళ్లీ చెప్పండి."

"రెండుసార్లు కోశాను."

మళ్లీ లేచింది. కాదుగారు ఫ్యాను చూశారు, గొట్టం చూశారు, అందరి కాళ్లూ చూశారు. తర్వాత కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"ఇది మెదడే" అన్నారు. పన్నెండేళ్లలో ఆ మాట హెడ్ నర్సు వినడం అదే మొదలు.

పదిహేను రోజులకు దర్జీ దిండుకానుకుని కూర్చున్నాడు. చూడటానికి వచ్చిన కాదుగారిని దగ్గరకు పిలిచి, ఆయన చొక్కా కాలరు వేళ్లతో పట్టుకుని తిప్పి చూశాడు.

"ఇది కుట్టినవాడు దర్జీ కాదు" అన్నాడు.

ఆ ఒక్క మాటను మాత్రం కాదుగారు చప్పున నమ్మేశారు.