ఐదు వేల కిలోమీటర్లకొకసారి మా తమ్ముడు

కారు ఇంజన్ ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పలేను. ముందు మా తమ్ముడు గుర్తొస్తాడు. తర్వాత పెబ్బేరులో రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని ముందు చెక్క బెంచీ, బండి కింద సన్నగా జారే నల్లటి ధార. అంకె అన్నిటికన్నా చివర వస్తుంది.

మేమిద్దరం పొలం పంచుకున్నాం. బోరు నీళ్ళు వంతులేసుకున్నాం. గట్టు దగ్గర మూరెడు జాగా కోసం మాటామాటా పెరిగింది. నాది ముక్కు మీద కోపం, వాడిది కడుపులో దాచుకునే కోపం. వాడు వనపర్తికి పోయి ఎరువుల దుకాణం పెట్టాడు. నేను ధరూర్ దగ్గర ఊళ్ళోనే పత్తి, వేరుశనగ వేసుకుంటూ ఉండిపోయాను. పంచడానికి వీల్లేనిది కారొక్కటే. అంతకుముందు ఇద్దరం ముచ్చటపడి కొన్న పాత పెట్రోలు బండి. ఒక నెల వాడికి, ఒక నెల నాకు అని పెద్దమనుషులు తేల్చారు. ఇద్దరికీ దారి మధ్యలో పడేది పెబ్బేరు కనుక అక్కడి మెకానిక్ షెడ్డులో బండి వదిలి తాళంచెవి ఇచ్చిపోవాలి. రెండోవాడు తర్వాత వచ్చి తీసుకుపోతాడు. అలా ఒకరి మొహం ఒకరు చూడకుండా ఏడాదిన్నర గడిపాం. అదో ఘనకార్యమని అప్పట్లో అనుకున్నాను కూడా.

మా వైపు ‘ఆయిల్ పోయించిన’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. పాతదంతా తీయించి కొత్తది నింపించినా పోయించినట్టే, తగ్గినంత మేర పైన కాస్త కలిపించినా పోయించినట్టే. నేను ఫోనులో ‘ఆయిల్ పోయించినవా’ అని ఒక్క ముక్క పంపేవాణ్ణి. ‘పోయించిన’ అని ఒక్క ముక్క తిరిగొచ్చేది. వాడడిగితే నేనూ అంతే. ఇద్దరం పైపైన పోయించినవాళ్ళమే. మార్పించింది అవతలివాడని ఇద్దరికీ గట్టి నమ్మకం. ఇంకొక్క మాట ఎక్కువ రాసి ఉంటే తెలిసిపోయేది. ఆ ఒక్క మాటే మా ఇద్దరికీ బరువైంది.

చివరికి ఇంజన్‌లోంచి డబ్బాలో వేరుశనక్కాయలు ఆడించినట్టు చప్పుడు మొదలైంది. ఆ మెకానిక్ పెద్దాయనను అందరిలాగే మేమూ చాచా అంటాం. ఆయన కింద నట్టు విప్పితే చింతపండు గుజ్జులాంటిది ముద్దముద్దగా పడింది. చాచా వెంటనే తమ్ముణ్ణి కూడా పిలిపించి, ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి తిట్టాడు. బండితో వచ్చిన పుస్తకంలో పదివేలని రాసుందని నేను తప్పించుకోబోయాను.

“పుస్తకం మన దుమ్ముల తిరుగుతదా బేటా?” అన్నాడు. “ఐదు వేలకొకసారి మార్చాలె. గిప్పటి సంది ఇద్దరు రాండ్రి. ఇద్దరు నా ముంగట కూసుంటెనే నట్టు విప్పుత.”

అలా మొదలైంది. ఐదు వేలు తిరగడానికి ఆరు నెలలు పట్టేది. వేడి ఇంజన్‌లోంచి ఆయిల్ ముందు జలజలా దూకేది, తర్వాత దారమంత సన్నబడేది, ఆ తర్వాత చుక్కలయ్యేది. చుక్క పడటం పూర్తిగా ఆగేదాకా చాచా కొత్తది పోయడు. ఆ అరగంటా ఆ బెంచీ మీద మేమిద్దరం. మొదటిసారి ఒక్క మాటా లేదు. రెండోసారి వాన గురించి నాలుగు మాటలు. మూడోసారి వాడు నాగర్‌కర్నూల్ దాకా పోయి చూసొచ్చిన ఒక జత ఎడ్ల గురించి చెబుతుంటే నేను ఆ చుక్కలనే చూస్తూ విన్నాను. రేకుల సందుల్లోంచి పడే ఎండలో దుమ్ము మెల్లగా తేలుతుండేది. రోడ్డు మీది లారీల మోత ఎక్కడో దూరపు ఏరులా వినిపించేది. చిన్నప్పుడు మంచె మీద ఇద్దరం కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నప్పుడూ కాలం ఇలాగే ఆగిపోయేది. చుక్కలు ఆగకపోతే బాగుండునని మనసులో అనుకునేవాణ్ణి. వాణ్ణి చూడక నాకు బెంగగా ఉండేది. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అందుకని అబద్ధాలు మొదలుపెట్టాను. ఈసారి దుమ్ము ఎక్కువైందని నాలుగు వేలకే పిలిచాను. తర్వాత ఎండలు ముదిరాయని మూడు వేలకు. ఒకసారి రెండు వేలకే పిలిస్తే, చాయ్ రంగులో శుభ్రంగా జారుతున్న ఆయిల్‌ను చూసి చాచా నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. తమ్ముడూ ఏమీ అనలేదు. వాడు బండి మీటరు చూడడం మరిచాడని, నా తెలివి పారిందని మురిసిపోయాను.

పోయిన ఏడాది వాడు సొంతంగా కొత్త కారు కొనుక్కున్నాడు. ‘పాతది నువ్వే వాడుకో అన్నా,’ అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం మళ్ళీ పంపకాలు జరిగినట్టే అనిపించింది. ఇక వాణ్ణి ఏ వంకతో పిలవాలి? బండి ఐదు వేలు దాటింది, ఆరు దాటింది. ఒక్కణ్ణే పోయి ఆ బెంచీ మీద కూర్చోవడానికి కాళ్ళు రాలేదు. ఏడు వేలు కూడా దాటింది.

అప్పుడు వాడి నుంచి ఫోను వచ్చింది. కొత్త బండికి ఆయిల్ మార్చాలి, పెబ్బేరుకు రమ్మన్నాడు. పోయేసరికి చాచా వాడి బండి మీటరు చూసి తల పట్టుకుని ఉన్నాడు. రెండు వేలు కూడా తిరగలేదు.

“దీనికి గిప్పుడే ఎందుకు బేటా?”

“నాకు ఎర్కనే చాచా, నువ్వు విప్పు,” అని వాడు నా బండి దగ్గరికి వచ్చి అద్దంలోంచి మీటరు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“రెండు వేలకే పిల్చేటోనివి. ఏడు వేలైనా పిల్వలే. నేనేం తప్పు జేసిన అన్నా?”

వాడి భుజం పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాను. రెండు బండ్లవీ విప్పమని చాచాకు చేత్తోనే సైగ చేశాను.