ఇల్లు ఖాళీ చేస్తూ పంచిన కొబ్బరి లౌజు

నా చిన్నప్పుడు మా అమ్మకి భయమంటూ ఉంటే అది ఇంటాయన ముందు నోరు తెరవాలంటేనే. పాముని చూసి బెదరదు, గోదారి పోటెత్తినా బెదరదు. అద్దె ఇంటి యజమాని అరుగు మీద కూర్చుని కనిపిస్తే మాత్రం కొంగు భుజం మీదకి లాక్కుని, చెప్పాల్సింది మింగేసి, ఆయన మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో అడిగి వచ్చేసేది.

అప్పట్లో మేము అమలాపురంలో కాలువ గట్టు పక్క వీధిలో ఉండేవాళ్ళం. నేను చంటిపిల్లగా ఉండగానే నాన్న పోయాడు. అమ్మ నన్ను చంకనేసుకుని ఐ.పోలవరం వైపు నుంచి వచ్చి, కొబ్బరి డొక్కలు కొట్టి పీచు తీసి తాళ్ళు పేనే పనిలో కుదురుకుంది. ఒక్కతే అద్దె కట్టలేదు కాబట్టి, ఆసుపత్రిలో ఆయాగా చేసే ఒక అక్కతో కలిసి రెండు గదుల వాటా తీసుకుంది. వంటిల్లు ఒకటే, పొయ్యి ఒకటే. అడ్వాన్సు ఇద్దరూ చెరి సగం వేసుకున్నారు. ఇంటాయనకి అందించింది మాత్రం అక్క. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. కానీ అక్కకి రాత్రి డ్యూటీలు, పగలు పడుకోవాలి. అమ్మకి పగలే పని, దబదబా డొక్కలు కొట్టాలి. మొదట్లో అక్క చెవుల్లో దూది పెట్టుకుంది. తరవాత తలుపేసుకుంది. ఆ తరవాత తలుపు తీసుకుని వచ్చి అరిచింది. అమ్మ కూడా తక్కువ తినలేదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నేనే టపా. "మీ అమ్మతో చెప్పు, నేను వేరే ఇల్లు చూసుకున్నానని." "ఆవిడతో చెప్పు, మేమూ చూసుకున్నామని." ఇద్దరూ ఒకే గదిలో, ఒకే పొయ్యి దగ్గర నిలబడి నాతో చెప్పించుకునేవాళ్ళు.

అమ్మ చూసుకున్నది కాలువ అవతల ఒక పెంకుటింటి వాటా. చేరే రోజున అడ్వాన్సు చేతిలో పెడితేనే తాళం ఇస్తామని, లేకపోతే వేరేవాళ్ళు సిద్ధంగా ఉన్నారని వాళ్ళు తెగేసి చెప్పారు. అమ్మకి ఉన్నదల్లా పాత ఇంట్లో ఇరుక్కున్న ఆ సగమే. అది రాకపోతే మాకు ఈ ఇల్లూ లేదు, ఆ ఇల్లూ లేదు.

ఇంటాయన సంగతి వీధి మొత్తానికి తెలుసు. ఇల్లు వదిలేవాళ్ళు నెల ముందు చెప్పాలి, చెప్పకపోతే అడ్వాన్సు తిరిగి రాదు. ఆ పద్ధతిలో తప్పు లేదు. ఆయన ఇల్లు ఖాళీగా ఉంటే ఆయనకీ నష్టమే కదా. ఆయన చేసే తప్పు వేరే. ఒంటరిగా వెళ్ళి చెప్పినవాళ్ళకి "ఆయ్, అలాగేనమ్మా" అనేవాడు. సామాన్లు బండికెక్కే రోజున "నాకెప్పుడు చెప్పేరు?" అనేవాడు. మాకు ముందు ఆ వాటాలో ఉన్న దర్జీ కుటుంబం అలాగే ఉత్త చేతులతో పోయింది. అయినా ఆయన్ని అందరూ బాబాయిగారనే పిలిచేవారు. బాబాయిగారని పిలిచిన నోటితో డబ్బు సంగతి అడగడం మా వైపు మనుషులకి చచ్చేంత కష్టం.

అమ్మ చెప్పడానికి రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి వాళ్ళ ఆవు ఈనిన సంగతి అడిగి, జున్నుపాలు తీసుకుని వచ్చింది. రెండోసారి వాళ్ళావిడకి చింతపండు గింజలు తీసిపెట్టి వచ్చింది. "చెప్పేవా?" అని నేను అడిగితే, "ఆయన భోజనం చేస్తున్నారే, ఎలా చెప్పను?" అంది. పక్క గదిలో మంచం మీద పడుకున్న అక్క పైకి వినిపించేలా నిట్టూర్చింది.

ఆ రోజుల్లో నాకు ఒకచోట కుదురుగా కూర్చోబుద్ధయ్యేది కాదు. ఈ గరిట మాదా, అక్కదా? ఈ చాప ఎటు వెళ్తుంది? చూసిన వస్తువునల్లా పట్టుకుని అడిగేదాన్ని. ఆడుకోవడానికి వెళ్ళినా మధ్యలో పరిగెత్తుకొచ్చి, గుమ్మంలోంచి తొంగిచూసి, సామాన్లు ఉన్నాయని తేలాకే మళ్ళీ వెళ్ళేదాన్ని.

పౌర్ణమి నాటి ఆదివారం అక్క చర్చి నుంచి వస్తూ సంచి నిండా కొబ్బరికాయలు, బెల్లం తెచ్చి పొయ్యి పక్కన దించింది. "మీ అమ్మని కొబ్బరి లౌజు చెయ్యమను" అంది నాతో. అమ్మ పక్కనే ఉంది. "దేనికో అడుగు" అంది.

"ఇల్లు ఖాళీ చేస్తున్నందుకని చెప్పు."

"ఇల్లు ఖాళీ చేస్తుంటే ఎవరైనా తీపి పంచుతారా? మతి పోయిందేమో అడుగు."

"మతి ఉంది కాబట్టే తెచ్చేనని చెప్పు. ఆవిడని ఆవు గురించి అడుక్కోమను, మిగతాది నేను చూసుకుంటాను."

అమ్మకి నవ్వొచ్చింది. అటు తిరిగి నవ్వుకుంది. కానీ లౌజు మాత్రం మనసు పెట్టి చేసింది. ఆ చేతి లౌజు మళ్ళీ నేను ఎక్కడా తినలేదు.

సాయంత్రం అక్క పళ్ళెం ఒక చేత్తో, నన్ను ఇంకో చేత్తో పట్టుకుని బయల్దేరింది. మొదట ఇంటాయన అరుగే ఎక్కింది. అక్కడ నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకునే వేళ చూసుకునే వెళ్ళింది. అరిటాకు ముక్కలో లౌజు పెట్టి ఆయన చేతికిచ్చి, కాలువ అవతలకి వినబడేంత గట్టిగా చెప్పింది. "బాబాయిగారూ, వచ్చే పౌర్ణమి వెళ్ళిన మర్నాడు మేము ఇల్లు ఖాళీ చేస్తున్నామండి. నేనో చోటికి, ఈ పిల్ల వాళ్ళమ్మ వదినగారో చోటికి. అడ్వాన్సు ఇద్దరిదీ చెరి సగమండి. నోరు తీపి చేసుకోండి." ఆయన నోట్లో లౌజు ఉంది. "ఆయ్" అన్నాడు. ఇంకొంచెం పెట్టమని ఆకు చాపాడు కూడా.

అక్కడి నుంచి ఎదురింటికి, పక్కింటికి, కిళ్ళీ కొట్టుకి, వీధి చివర చాకలి మామ్మ ఇంటికి. ప్రతి గుమ్మంలో అదే మాట, అదే గొంతు. పౌర్ణమి, ఇద్దరం, చెరి సగం. మూడో ఇంటికల్లా నాకూ కంఠతా వచ్చేసింది. నాలుగో ఇంట్లో నేనే చెప్పేశాను. అక్క నా నెత్తి మీద చెయ్యి వేసింది.

ఆ తరవాతి పౌర్ణమి వెళ్ళింది. బండి వచ్చింది. మా చాపలు, అమ్మ పీచు కట్టలు, అక్క ట్రంకు పెట్టె వీధిలోకి చేరాయి. ఇంటాయన వాటా అంతా తిరిగి చూసి, గోడలు తడిమి, అరుగు మీదకి వచ్చి కూర్చున్నాడు. "ఉన్నట్టుండి ఇలా వెళ్తే ఎలాగమ్మా? నెల ముందు చెప్పాలి కదా. ఆ అడ్వాన్సు వచ్చే నెల అద్దె కింద సరి." అమ్మ ముఖం చూసి ఇంకో ముక్క కలిపాడు. "అయినా డబ్బు ఇచ్చింది ఆ అమ్మాయి. నీ సంగతి నాకేం తెలుసు?"

అమ్మ అలవాటుగా కొంగు భుజం మీదకి లాక్కుంది. అక్క మాత్రం ట్రంకు పెట్టె మీద తీరిగ్గా కూర్చుని వీధి వైపు చూసింది.

మొదట ఎదురింటి మామ్మ గుమ్మంలోకి వచ్చింది. "అదేంటండీ బాబూ, లౌజు తిన్నాం కదా! పౌర్ణమి వెళ్ళేకని నెల కిందటే చెప్పేరు కదండీ." కిళ్ళీ కొట్టాయన అక్కడి నుంచే అందుకున్నాడు. "మీరు రెండోసారి పెట్టించుకున్నారు కూడా, ఆయ్. నేను చూసేను." చాకలి మామ్మ మూట దించి నిలబడింది. "ఇద్దరిదీ చెరి సగమని ఈ పిల్లే మా గుమ్మంలో పాఠం ఒప్పచెప్పింది బాబూ." ఇంటాయన ఎటో చూస్తూ, ఏదో లౌజు తిన్న గుర్తే కానీ మాటలు గుర్తు లేవన్నాడు.

అప్పుడు లోపలి నుంచి వాళ్ళావిడ గొంతు వచ్చింది. "గుర్తు లేకపోవడమేంటండీ? వీళ్ళు వెళ్తున్నారు, కొత్తవాళ్ళని చూడాలని ఆ రోజే నాతో అన్నారు. లౌజులో యాలకులు ఎక్కువయ్యేయని వంక కూడా పెట్టేరు!"

వీధి మొత్తం నవ్వింది. ఆయన లేచి లోపలికి వెళ్ళి, డబ్బు తెచ్చి అక్క ముందు చాపాడు. అక్క చేతులు కట్టుకుంది. "సగం నాకివ్వండి బాబాయిగారూ. సగం వదినగారి చేతిలో పెట్టండి." ఆయన అందరి ముందూ రెండు వాటాలు చేసి ఇచ్చాడు. అమ్మ తన వాటాని కొంగున ముడేసుకుని, ఎన్నాళ్ళకో అక్కతో నేరుగా మాట్లాడింది. "నిద్ర పట్టే ఇల్లేనా, అమ్మాయ్?"

"ఆయ్. చుట్టుపక్కల పీచు కొట్టేవాళ్ళెవరూ లేరండి" అంది అక్క.

ఆ తరవాత వాళ్ళిద్దరూ ప్రాణస్నేహితులైపోయారని అబద్ధం రాయను. కాలేదు. ఎదురుపడితే పలకరించుకునేవారు, అంతే. ఒకరంటే ఒకరికి పడకపోయినా అవతలి మనిషి వాటా అవతలి మనిషికే ఇప్పించాలన్న సంగతి మాత్రం నేను ఆ ట్రంకు పెట్టె పక్కన నిలబడి చూశాను.

నాకు అక్షరాలు వచ్చింది మనవలు బడికెళ్ళే వయసులో, వాళ్ళ పలకల మీదే. బతుకంతా అద్దె ఇళ్ళలోనే గడిచింది. ఇప్పటికీ ఇల్లు మారాలంటే గరిట ఎటు పోయిందో వెతుక్కుంటాను. మొన్న నేనూ మా తోటికోడలూ కలిసి ఉన్న ఇల్లు వదలాల్సి వచ్చింది. ఆవిడ కూతురి దగ్గరకి, నేను రాజోలుకి. ఎప్పుడు వెళ్తామో, అడ్వాన్సులో ఎవరి వాటా ఎంతో నా చేత్తో నేనే కాగితం మీద రాసి, ఇద్దరం సంతకం పెట్టి ఇంటి ఓనరు కుర్రాడికి ఇచ్చాను. ఫోనులో కూడా పంపించాను. వెనకాలే లౌజు పళ్ళెం కూడా పట్టుకెళ్ళాను.

ఆ కుర్రాడు నవ్వాడు. "కాగితం ఇచ్చేరు కదండీ మామ్మగారూ, మళ్ళీ ఇదెందుకు?"

"కాగితం నీకు బాబూ. లౌజు వీధికి" అన్నాను, పక్కింటి గుమ్మం ఎక్కుతూ.